కోటేశ్వరక్కతో రెండు పోటీలు

గుంటూరు దాటి చిలకలూరిపేట రోడ్డెక్కగానే కిటికీలోంచి మిరపఘాటు ఒక్కసారిగా బస్సులోకి కొట్టింది. సగం మంది దగ్గారు. ముందు సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కండక్టరు మాత్రం తనకేమీ పట్టనట్టు టికెట్లు కొట్టుకుంటూ పోయాడు. నా కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. పక్కనున్న పెద్దాయన జాలిగా చూసి, "కొత్తామ్మా ఈ దారికి?" అని అడిగాడు. కొత్త కాదండీ అన్నాను. ఆయనకు ఏమని చెప్పను? ఇదే కారం ఒకసారి బాక్సింగ్ రింగు మధ్యలో, హాలంతా చూస్తుండగా నా కళ్ళలో పడింది. దాన్ని నా కళ్ళలో పడేసిన మనిషి పేరు కోటేశ్వరి. ఈ లోకంలో నాకు బాగా ఇష్టమైన నలుగురైదుగురిలో ఆమె ఒకరు.

నల్ల తామరపురుగు మా వైపు మిరపతోటల్ని తినేసిన ఏడాది అది. పూత నిలవలేదు, ఆకు ముడుచుకుపోయింది. కౌలుకు వేసినవాళ్ళు ఏడ్చుకుంటూ మొక్కలు పీకి గట్ల మీద పడేశారు. పత్తి చూద్దామంటే దానికి గులాబీరంగు పురుగు. పొలంలో డబ్బు లేకపోతే ఊళ్ళలో ఎవరి దగ్గరా ఉండదు. తాడేపల్లిలో మా నాన్న పనిచేసే ప్రైవేటు స్కూలు ఫీజులు రావడం లేదని సగం మంది పంతుళ్ళను ఇంటికి పంపేసింది, అందులో ఆయన ఒకరు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. వ్యాయామవిద్య కోర్సులో చేరాలని నా ఆశ. రాష్ట్ర పోటీల్లో ఏదో ఒక పతకం తెచ్చుకుంటే సీటు సులువుగా వస్తుందన్నారు. కాలేజీలో నన్ను ఓడించినవాళ్ళు లేరు కాబట్టి నా కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

బరువులు తూచే వరుసలో ఆమెను మొదట చూశాను. అందరం ఇరవై ఏళ్ళ అటూ ఇటూ పిల్లలం. మా మధ్యలో వెలిసిన నైటుప్యాంటు వేసుకున్న ఒకావిడ వంగి, కాళ్ళ మెట్టెలు తీసి, భర్త చేతిలోని జేబురుమాల్లో పెడుతోంది. రింగులో నగలేవీ ఉండకూడదు కదా. నా నోరు ఊరుకోదు. "అమ్మాయిని దింపడానికొచ్చారా అండీ? తల్లిదండ్రులు బయట కూర్చోవాలి" అన్నాను. పిల్లలంతా పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"ఆడటానికే వచ్చానమ్మా. మధ్యలో ఓ పంతొమ్మిదేళ్ళు వేరే పని పడింది" అంది.

ఆ వేరే పని ఏమిటో నాకు తర్వాత తెలిసింది. క్రీడా హాస్టల్లో పెరిగి, పంతొమ్మిదో ఏట రాష్ట్ర స్థాయిలో బంగారు పతకం గెలిచిందట. ఆ ఏడే పెళ్ళి. ఆ తర్వాత అంతా సత్తెనపల్లి అవతలి ఊళ్ళో మిరప, పత్తి, మళ్ళీ మిరప. తోట పోయాక భర్త శ్రీను దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలెత్తే పనికి కుదిరాడు. ఆమె పరాయి చేలల్లో కోతలకు వెళ్ళింది. అంతలో మంగళగిరి దగ్గర ఆడపిల్లల హాస్టలు స్కూల్లో బాక్సింగ్ నేర్పేవాళ్ళు కావాలని విని, పాత సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్ళింది. ఇవి మరీ పాతవి, ఈ మధ్యది ఒక్కటైనా తెండి అన్నారట. ఆమెకు అప్పటికి ముప్ఫై ఎనిమిది. నలభై నిండితే ఇక ఆడనివ్వరు. కాంస్యం వచ్చినా చాలు. క్వార్టర్ ఫైనల్ గెలిచి సెమీస్‌కి చేరినవాళ్ళకు కాంస్యం ఖాయం. ఆ క్వార్టర్ ఫైనల్లో ఆమెకు ఎదురుగా పడింది నేను.

మొదటి రౌండులోనే నా గాలి తీసేసింది. నేను ఎక్కడ కొడదామనుకుంటే అక్కడ ఆమె ఉండదు. ఎక్కడ లేదనుకుంటే అక్కడి నుంచి ఎడమచెయ్యి వస్తుంది. వయసు మీద పడ్డ మనిషి కదా, అలసిపోతుందిలే అనుకుంటే, రోజుకు పది గంటలు వంగి మిరపకాయలు కోసే మనిషి అలసట నేను ఎదురుచూసినంత త్వరగా రాదని తెలిసింది. రెండో రౌండులో ఆమె గ్లవ్ నా కంటి పక్కగా రాసుకుంటూ పోయింది. అంతే, నిప్పు పెట్టినట్టయింది. రెండో కన్నూ మూతబడింది. రెఫరీ నాకు దెబ్బ గట్టిగా తగిలిందనుకుని, ఆమెను మూలకు పంపి, వేళ్ళు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను కళ్ళు తెరవలేకపోతే ఆట ఆపేసి ఆమె గెలిచిందని చెప్పడమే మిగిలింది.

మూలన నిలబడ్డ ఆమె నన్నే చూస్తోందట. దెబ్బ తిన్నవాళ్ళ కన్నీళ్ళు వేరు, కొత్తగా మిరపకోతకు వచ్చినవాళ్ళ కన్నీళ్ళు వేరని ఆమెకు తెలుసు. పళ్ళ గార్డు ఉమ్మేసి, గ్లవ్‌ను నాలుక కొసతో తాకి చూసుకుంది. తర్వాతి మాటలు నేను చెవులారా విన్నాను.

"సార్, ఆపండి. ఆ పిల్లకి దెబ్బ తగల్లేదు. కారం తగిలింది. నా గ్లవ్ మీదుంది."

"కారమేంటమ్మా?"

"నా తువ్వాలుదండీ. కల్లంలో తాలుకాయలు పోసిన పట్టా మీద ఆరేశా. గ్లవ్స్ తడిగా ఉన్నయ్యని ఇందాక దాంతోనే తుడిచా. మా చేతులకి అలవాటైపోయి నాకు మంట తెలియలా."

రంగు పోయి అమ్ముడుపోని మిరపకాయలను తాలుకాయలంటారు. వాళ్ళ తోటలో ఆ ఏడు మిగిలింది అవే. గ్లవ్స్ మా సొంతం కాదు, పోటీ పెట్టినవాళ్ళవి. ఒకరి చేతుల్లోంచి తీసి చెమటతోనే ఇంకొకరికి తొడుగుతారు. వాటిని తువ్వాలుతో తుడుచుకోవడం తప్పేమీ కాదు, తువ్వాలును మిరపకాయల మీద ఆరేసుకోవడం వాళ్ళ ఊళ్ళో వింతా కాదు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు కాసేపు గుసగుసలాడుకుని, తెలిసి చేసినా తెలియక చేసినా గ్లవ్స్ మీద అలాంటిది ఉంటే ఆట చెల్లదన్నారు. ఆమెను తప్పించి నా చెయ్యి పైకెత్తారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, కళ్ళు మూసుకునే సంతోషపడ్డాను.

డాక్టరుగారు నా కళ్ళు చాలాసేపు నీళ్ళతో కడిగారు. బయట బెంచీ మీద కూర్చుంటే ఆమె పెరుగు ప్యాకెట్టు పట్టుకొచ్చింది. "బుగ్గలకి ఇది రాయమ్మా, మంట లాగేస్తది" అంది. నాకు ముక్కుమీద కోపం. కావాలనే పూసుకొచ్చారు కదా అన్నాను. "కావాలని పూసుకొస్తే చెబుతానా పిచ్చిపిల్లా" అని తనే నా బుగ్గలకు రాసింది. ఆ వేళ్ళు గరుకుగా, చల్లగా ఉన్నాయి. వెనక శ్రీను మెట్టెలున్న రుమాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన గొంతులో కోపం లేదు, నీరసం మాత్రం ఉంది.

"నువ్వు నోరు మూసుకునుంటే ఎవురికి తెలుస్తదే?" అన్నాడు.

"నాకు తెలిసిపోయిందిగా" అంది ఆమె.

ఇద్దరూ బస్సు కోసం వెళ్ళిపోయారు. మర్నాడు సెమీస్‌లో నేను చిత్తుగా ఓడి, కాంస్యం తెచ్చుకున్నాను. ఇంట్లో పండగ. నేను మాత్రం సీటుకు దరఖాస్తు పెట్టలేకపోయాను. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే "నాకు తెలిసిపోయిందిగా" అన్న ఆమె మాటే వినపడేది. "ఒక ఏడాది అంటే మాటలా?" అని నాన్న మొదటిసారి నా మీద అరిచారు. ఉద్యోగం లేని మనిషి అరుపు అది, ఆయన తప్పేమీ లేదు. తర్వాతి ఆదివారం పతకం సంచిలో వేసుకుని, అడ్రసు కనుక్కుని వాళ్ళ ఊరు వెళ్ళాను.

ఆమె ఇంటి వెనక రేకుల పందిరి కింద, ఊకా పత్తిగింజలూ కూరిన మిరపకాయల బోరెం, అదే పెద్ద గోనెసంచి, వేలాడుతోంది. దాన్ని కొడుతోంది. నేను పతకం తీసి ఇవ్వబోతే నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏందిది? ఇచ్చిపుచ్చుకోడానికి ఇదేమన్నా మజ్జిగ చెంబా? లోపల పెట్టు. అంతగా బాధగా ఉంటే ఆదివారం ఆదివారం వచ్చి నన్ను కొట్టు. ఈ బోరెం తిరిగి కొట్టట్లేదు. నాకు ఇంకొక్క ఏడే ఉంది."

అలా ఏడాదంతా వెళ్ళాను. ఆమెకు సాయం చేస్తున్నానని కొన్నాళ్ళు గొప్పగా అనుకున్నాను కానీ, నేర్చుకున్నదంతా నేనే. నా అడుగులు చూసి ఆమెకు ఒళ్ళు మండేది. పత్తి తీసేసిన చేలోకి తీసుకెళ్ళి, ఎండిన మోళ్ళ మధ్య సాలులో చేతులు ముఖం ముందు పెట్టించి, వెనక్కీ ముందుకూ పక్కకూ నడిపించేది. ఒక్క కొమ్మ విరిగినా మళ్ళీ గట్టు దగ్గరి నుంచి మొదలు. "కళ్ళు కిందకి దించమాక! కాలుకి తెలవాలి నేల ఏడుందో" అని గట్టు మీంచి కేకలు. శ్రీను ఆదివారం దాచేపల్లి నుంచి వచ్చి, సిమెంటు దుమ్ము కడుక్కుంటూ, "అమ్మాయిని అన్నం తిననిచ్చేది ఉందా లేదా?" అని నా తరఫున మాట్లాడేవాడు. అన్నంలోకి పచ్చడి వేసేటప్పుడు ఆమె నా ముఖం చూసి నవ్వేది. "ఇది కంట్లో పెట్టుకోమాక" అనేది.

మా ఇద్దరిదీ ఒకే బరువు. మళ్ళీ ఎదురుపడతామేమోనని నాకు బెంగ. అందుకని ఎవరికీ చెప్పకుండా అరటిపళ్ళూ నెయ్యీ మొదలుపెట్టాను, పై తరగతిలోకి పోదామని. రెండు కిలోలు పెరిగేసరికి పట్టేసింది.

"ఎందుకే అట్టా తింటున్నావు?"

"బలానికక్కా."

"బలానికా, నాకు అడ్డం లేకుండా పోడానికా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "నువ్వు తప్పుకుంటే నేను గెలిచినట్టా? పొద్దుటాల నుంచి కాయలు కోసి వచ్చి ఇందుకా నేను ఎగిరేది?" అని లోపలికి వెళ్ళిపోయింది. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఫోను చేస్తే శ్రీను ఎత్తి, "ఆ కిలోలు తగ్గిచ్చుకుని రామ్మా, నాకూ తిండి సరిగ్గా పెట్టట్లేదు" అన్నాడు. తగ్గించుకుని వెళ్ళాను.

ఆ ఏడు పోటీల్లో ఆమె క్వార్టర్ ఫైనల్ నేను ఊపిరి బిగబట్టి చూశాను. ఎదురుగా ఉన్న పిల్ల చిచ్చరపిడుగు. మొదటి రౌండు పోయింది. రెండోది ఎటూ తేలలేదు. మూడోదాంట్లో ఆ పిల్ల ఎంత తరిమినా కోటేశ్వరక్క తాళ్ళ పక్కనే, పత్తి సాలులో నడిచినట్టు, ఏ అడుగూ వృథా పోకుండా కదులుతూ ఎడమచేత్తో ఒక్కొక్క దెబ్బే పెట్టింది. ఆమె చెయ్యి పైకి లేచినప్పుడు శ్రీను చప్పట్లు కొట్టలేదు. గోడకు చేరబడి కూర్చుండిపోయాడు. కాంస్యం ఖాయమైంది. అంటే స్కూల్లో పనీ ఖాయమైనట్టే. నేను ఆయన పక్కన కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

మర్నాడు సెమీఫైనల్. నా క్వార్టర్ ఫైనల్ నేనూ గెలవడంతో ఆమెకు ఎదురుగా నేనే. ఆ రాత్రే మనసులో నిర్ణయించుకున్నాను, ఈసారి ఆమెను ఫైనల్‌కి పంపాలని. మొదటి రౌండంతా చేతులు ఆడించాను తప్ప కొట్టలేదు. రెండో రౌండులో ఇద్దరం ఒకరినొకరు పట్టుకున్నప్పుడు ఆమె నోరు నా చెవి దగ్గరికొచ్చింది. గార్డు అడ్డంగా ఉన్నా ప్రతి మాటా అర్థమైంది.

"సుధా, నామీద జాలిపడతన్నావా? పోయినేడు గెలిచి ఉండేదాన్ని, చేతులారా వదులుకున్నా. ఎందుకో నీకింకా అర్థం కాలేదా? కొట్టు!"

రెఫరీ మమ్మల్ని విడదీశాడు. నేను కొట్టాను. ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. ఆ తర్వాత మా ఇద్దరికీ హాలూ లేదు, మనుషులూ లేరు. ఆమె నేర్పిన అడుగులన్నీ ఆమె మీదే వేశాను. ఒక్కొక్కటి కుదిరినప్పుడల్లా ఆమె కళ్ళు మెరవడం హెల్మెట్ లోంచి కనపడింది. బల్ల దగ్గరివాళ్ళు పాయింట్లు లెక్కచూసి నా చెయ్యి ఎత్తారు. నేను తల దించుకున్నాను. ఆమె వచ్చి, రక్తం చిమ్మిన పెదవితో నవ్వుతూ, నా గడ్డం పైకెత్తింది.

"ఇప్పుడు గెలిచావు" అంది.

ఫైనల్లో ఓడిపోయాను. ఆ వెండి పతకంతోనే కోర్సులో చేరాను. కోటేశ్వరక్క ఇప్పుడు మంగళగిరి స్కూల్లో ఆడపిల్లలకు హడలు. శ్రీను సిమెంటు పని మానేసి అక్కడే హాస్టలు వంట చూస్తున్నాడు. నేను ఈ బస్సులో వెళ్తున్నది వ్యాయామ ఉపాధ్యాయురాలిగా మొదటి ఉద్యోగంలో చేరడానికి. కాంస్యం సర్టిఫికెట్టు ఇంటి దగ్గరే ఉండిపోయింది, దాన్ని ఎక్కడా చూపించలేదు. పోయిన వారం ఇంటర్వ్యూలో హెడ్‌మాస్టరుగారు నా ఫైలు తిరగేసి, అందులో ఆటల కాగితం వెండి పతకానిది ఒక్కటే ఉండటం చూసి, "ఫైనల్లో ఓడిపోయారన్నమాట" అన్నారు.

"అవునండీ" అన్నాను. "కానీ సెమీఫైనల్ గెలిచాను."