గవ్వ కుట్టితే మనిషిని అనుమానించినా

రామేశ్వరం యాత్రలో రెండో రోజు పొద్దున పెదాలకు తిమ్మిరి ఎక్కింది. అంతకు కాసేపు ముందే సముద్రంలో మునిగి వస్తా, ఒడ్డున రాళ్ళ సందులో వల మాదిరి గీతలున్న గవ్వ ఒకటి దొరికితే కొంగులో కట్టుకున్నా. కట్టుకుంటాంటే వేలికి సూది గుచ్చినట్లయింది. మార్కాపురంలో పలకల పని చేసేదాన్ని, చేతికి గాట్లు నాకు కొత్త కాదు. పట్టించుకోలేదు.

బస్సు కాడ మా తోటికోడలు రమణక్క టీ ఇచ్చింది. రెండు గుక్కలకే నాలుక మొద్దుబారింది. చేను పంపకాల కాడ చెడి, ఆర్నెల్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఉన్నట్టుండి టీ ఎందుకిచ్చిందబ్బా? అడగబోతే మాట ముద్దముద్దగా వచ్చింది. కనురెప్పలు వాలిపోయినాయి.

ఆసుపత్రిలో డాక్టరు, "టోసిస్ ఉంది, రెప్పలు వాలినాయి, స్నేక్ బైట్ కావచ్చు" అని పాము విషానికి విరుగుడు, యాంటీ స్నేక్ వీనం పెట్టించినాడు. తగ్గలేదు. ఊపిరాడక వెంటిలేటర్ మీద పెట్టినారు. వేలు కదపలేను, రెప్ప ఎత్తలేను. చెవులు మాత్రం అన్నీ వింటున్నాయి.

"ఇంట్లో గొడవలున్నాయా? పాయిజనింగ్ అయితే పోలీసులకు చెప్పాల" అన్నాడు డాక్టరు, వచ్చీరాని తెలుగులో.

"అట్లాంటిదేం లేదు సార్." అన్నాడు మా ఆయన.

"పొద్దుట్నుంచి అది తాగింది నేనిచ్చిన టీ ఒక్కటే సార్" అనింది రమణక్క.

చూసినావా, అడక్కముందే చెప్పి తప్పించుకుంటాంది అనుకున్నా.

ఆసుపత్రిలో విప్పిన నా తడిచీర మూట రమణక్క చేతికే ఇచ్చినారంట. విప్పితే గవ్వ పడింది, లోపల పురుగు కదులుతాంది. చేత్తో ముట్టకుండా గ్లాసులోకి తోసి డాక్టరు కాడికి పరిగెత్తింది.

"కోన్ స్నెయిల్! కుట్టే విషపు నత్త. దీనికి యాంటీవీనం లేదు. మేం ఊపిరి ఆడిస్తాం, విషం అదే దిగుతుంది" అన్నాడాయన.

ఆసుపత్రిలో చేరిన మూడో రోజు గొంతులో ట్యూబ్ తీసినారు. హమ్మయ్య అనుకుంటే న్యుమోనియా పట్టుకుంది. ఇంకో వారం అక్కడే.

ఇంటికొచ్చినంక ఉండబట్టలేక అడిగినా. "అక్కా, టీలో నువ్వే ఏందో కలిపినావనుకున్నా."

ఆమె బియ్యం ఏరుతానే, "నువ్వే ఏందో మింగి నా మీదికి తెచ్చినావని నేననుకుంటి" అనింది. ఇద్దరం నవ్వలేదు.

ఇప్పుడు పనికి పోతున్నా. ఆ వేలి కొసకు వేడి తెలియదు. రమణక్కతో మాట్లాడతా, చేను సంగతి తప్ప. టీ ఇస్తే మాత్రం, ఆమె ఒక గుక్క తాగేదాకా ఆగుతా. సిగ్గుగానే ఉంటుంది.

మీకు చెప్పేదొకటే. సముద్రం కాడ గవ్వలు చేత్తో ఏరొద్దు. ఏదన్నా గుచ్చుకుంటే, నోరు పడిపోకముందే పక్కనున్న మనిషికి చెప్పండి. ఆ మనిషి మీకు గిట్టకపోయినా సరే.