కోళ్లకు పోసిన బలం

డాక్టరు రాసిచ్చాడని పాలిష్ పట్టని సామల ప్యాకెట్ కొన్నాను. కత్తిరించగానే తవుడు వాసన గుప్పుమంది. నా మీద నాకే ఒళ్లు మండింది.

డుంబ్రిగుడ దగ్గర మా ఊళ్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, అమ్మమ్మ సామలు దంచమని చెప్పి సంతకు వెళ్లింది. మర్నాడు కొండపోడుకు వెళ్లే ఇంటిల్లిపాదికీ అదే కూడు. హాస్టల్లో తెల్లన్నం మరిగి సెలవులకొచ్చిన నాకు ఆ గింజల మీది మట్టిరంగు మురికిలా కనబడింది. పొట్టు ఊడిపోయినా ఆపలేదు. అరచేతులు బొబ్బలెక్కేదాకా దంచాను, చెరిగాను, మళ్లీ దంచాను. సగం నూకైపోయినా తెల్లగా వచ్చాయి. తవుడంతా కోళ్లకు పోసేశాను.

అమ్మమ్మ వచ్చి, చేటలోకి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏటి సేసినావే గుంటా! పొట్టు పోతే సాలదా?"

"మురికి వదిలించినానే అమ్మమ్మా," అన్నాను గొప్పగా.

"మురికేటే, నీ మొకం! బలమంతా దాన్లోనే ఉంటాది. రేపు పోడుకి ఆ కోళ్లనే తోలు, పని సేత్తాయి!"

మర్నాడు అందరూ ఆ నూకల జావే తాగి కొండెక్కారు. కోళ్లు మాత్రం వాకిట్లో దర్జాగా తిరిగాయి.

ఇన్నేళ్లకు డాక్టరు చీటీ మీద రాసిచ్చినదాన్ని, ఆ రోజు మా కోళ్లు ఏ చీటీ లేకుండానే తినేశాయి.