కుర్చీ మీద డోలు, గేటు బయట డప్పు

ఆఫ్రికా వెళ్ళడానికి మహబూబ్‌నగర్‌లో ఉదయం ఆరూ ఐదు ప్యాసింజర్ ఎక్కితే చాలని ఆ ఆదివారం దాకా నాకు తెలియదు. పేపర్లో అలాగే వేశారు. "ఆఫ్రికా డోళ్ళు, ఆఫ్రికా నాట్యం. కుటుంబ సమేతంగా రండి. చూడటం కాదు, మీరే వాయించండి, మీరే ఆడండి. పిల్లలందరికీ చేతికో డోలు." స్థలం చిక్కడపల్లిలో ఒక హాలు. హాలు పేరు రాయను. తప్పు హాలుది కాదు.

మా అమ్మాయి స్రవంతికి తొమ్మిదేళ్ళు. బడి వార్షికోత్సవంలో డోలక్ వాయిస్తానని చెయ్యెత్తితే సంగీతం టీచరు "ఆడపిల్లలు కోరస్" అని వెనక వరసలో నిలబెట్టారు. అప్పట్నుంచి మా ఇంట్లో సొట్ట లేని గిన్నె లేదు. ఆ ప్రకటన తనే కత్తిరించి, నేను గడ్డం గీసుకునే అద్దానికి అంటించింది. "నిజం డోలు నాన్నా. గిన్నె కాదు. ఒక్కసారి" అంది. మాటిచ్చాను. మా ఆవిడ మాత్రం రానంది. వాయింపుడు తనకు ఇంట్లోనే సరిపడా దొరుకుతోందట.

బండి పావుగంట ఆలస్యంగా, అంటే దాని లెక్కలో ముందుగానే, బయల్దేరింది. కిటికీ సీటు స్రవంతిది. షాద్‌నగర్‌లో భుజం మీద తువ్వాలుతో ఒక ముసలాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏడిదాంక సార్, పిల్లను తోల్కొని?"

"చిక్కడపల్లి. ఆఫ్రికా వాళ్ళొచ్చారు. పాప డోలు వాయిస్తుంది."

"మంచిదే. ఎంతిస్తరంట?"

"మనమే ఇవ్వాలి. ఒక్కొక్కరికి ఇరవై రూపాయల టికెట్."

ఆయన ఫలక్‌నుమా దాకా ఆలోచించాడు. "డోలు కొట్టేటోనికి పైసలిస్తరని ఎరికె. కొట్టెతందుకు పైసలు కట్టుడు ఇయ్యాల్నే ఇంటున్న" అన్నాడు. ఆ రోజు మేం విన్న ప్రసంగాలన్నింటిలోనూ విషయం ఉన్నది ఇదొక్కటే.

ఎనిమిదీ యాభైకి కాచిగూడలో దిగాం. సిటీ బస్సు ఖాళీగా దొరికింది. నారాయణగూడ చౌరస్తాలో దిగి ఒక ఇరానీ హోటల్లో బన్ను, చాయ్. స్రవంతి చాయ్ సాసర్లో పోసుకుని తాగుతూ రెండో చేత్తో టేబుల్ మీద వేళ్ళు ఆడిస్తూనే ఉంది. అక్కణ్ణించి నడకే. పిల్లలతో వచ్చేవాళ్ళు కూడా నడవొచ్చు, పావుగంట పట్టదు. అశోక్‌నగర్ వైపు నుంచి లావుపాటి పుస్తకం చంకలో పెట్టుకుని వస్తున్న కుర్రాణ్ణి దారి అడిగాను. గ్రూప్ పరీక్షలకు చదువుతూ హాస్టల్లో ఉంటున్నాడట.

"సీదా పోయి ఎడమకు తిరుగుర్రి అన్న. ఏడ్నుంచి వచ్చిన్రు డోలోళ్ళు?"

"ఘానా" అంది స్రవంతి.

"రాజధాని అక్రా. యాద్‌ పెట్టుకో చెల్లె, పరీక్షల వస్తది."

తొమ్మిదీ నలభైకి హాలు గేటు దగ్గరికి చేరాం. ప్రదర్శన పదింటికి. గేటు పక్కన గోడ వారగా నలుగురు మనుషులు పాత పేపర్లు, అట్టముక్కలు మంటబెట్టి డప్పులు కాస్తున్నారు. స్రవంతి అక్కడే ఆగిపోయింది.

"కాలిపోదా?" అని అడిగింది.

నలుగురిలో పెద్దాయన నవ్వాడు. నలభై ఐదేళ్ళుంటాయి. అరచేతుల్లో సిమెంటు తెల్లగా పట్టేసి ఉంది. "కాలదు బిడ్డా. సెగ తాకితె తోలు బిగుస్తది. బిగుస్తెనే పలుకుతది. సలిజొరమొచ్చినోన్ని పొయ్యికాడ కూసోవెట్టినట్టు" అంటూ డప్పును మంట మీద తిప్పాడు. పేరు నర్సింహ. మా పాలమూరు వాడే, జడ్చర్ల అవతల ఊరు. అశోక్‌నగర్‌లో లేస్తున్న అపార్టుమెంటులో నలుగురూ కూలీలు. ముఖ్య అతిథి కారు దిగగానే డప్పులతో స్టేజీ దాకా తీసుకెళ్ళాలనీ, మళ్ళీ పోయేటప్పుడు కారు దాకా సాగనంపాలనీ పిలిచారట.

"నడుమల మీరు కూడా ఆట చూస్తారు కదా?" అన్నాను.

"సూపిస్తమన్నరు సార్. ఆ దేశపోళ్ళ డోలు ఎట్లుంటదో సూద్దామనే పైసలు తక్వైనా ఒప్పుకున్నం."

పదింటికి లోపల కూర్చున్నాం, ఎనిమిదో వరసలో. పదిన్నరకు ముఖ్య అతిథి రాలేదు. పదకొండుకు వచ్చారు. ఆయన గతంలో ఏదో అయి ఉండి, ఇప్పుడేమీ కాని పెద్దమనిషి. డప్పుల మధ్య చేతులు జోడించుకుంటూ నడిచి వచ్చారు. స్టేజీ మెట్ల దగ్గర డప్పులు ఆగాయి. నలుగురూ గోడకు ఆనుకుని నిలబడబోతే, జేబుకు గులాబీ బ్యాడ్జి పెట్టుకున్న కార్యదర్శి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. నలుగురూ తలలు వంచుకుని బయటికి వెళ్ళిపోయారు. వెనక తలుపు మూశారు.

ఇక స్టేజీ సంగతి. తెల్లగుడ్డ కప్పిన బల్ల, దాని వెనక ఎనిమిది కుర్చీలు, ఎనిమిది మంచినీళ్ళ సీసాలు. డోళ్ళన్నీ వెనక తెర మూలకు నెట్టేశారు, పెళ్ళిలో పనికిరాని సామాను నెట్టినట్టు. ఘానా కళాకారులు నలుగుర్నీ రెండో వరసలో ప్రేక్షకులుగా కూర్చోబెట్టారు. అంత దూరం నుంచి వచ్చి మన ఉపన్యాసాలు వినడం వాళ్ళకు ఎలా ఉందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

జ్యోతి వెలిగించారు. ఫ్యాను ఆర్పింది. ఫ్యాను ఆర్పి మళ్ళీ జ్యోతి వెలిగించారు. ఐదుగురు మాట్లాడారు. నలుగురు కళాకారులకూ శాలువాలు కప్పారు. వాళ్ళ నాయకుడు, క్వామే అని పరిచయం చేశారు, బాగా పొడగరి. శాలువా వేయడానికి ముఖ్య అతిథి మునివేళ్ళ మీద లేచారు, క్వామే మోకాళ్ళు వంచాడు, ఇద్దరూ ఒక చోట కలుసుకున్నారు. తర్వాత ముఖ్య అతిథి మైకు పట్టుకుని, చర్మవాద్యం మానవజాతి తొలి గొంతు అనీ, దాన్ని గుండెలకు హత్తుకోని జాతికి సంస్కృతి లేదనీ సెలవిచ్చారు. సరిగ్గా అప్పుడు మూసిన తలుపు అవతల డప్పు రెండు దెబ్బలు పలికింది. సెగ చాలిందో లేదో చూసుకుంటున్నట్టున్నారు. కార్యదర్శి పరుగెత్తాడు. తలుపు తెరిచి ఆయన అరిచిన మాట ఎనిమిదో వరస దాకా వినిపించింది.

"లోపల డోలు గురించి మాట్లాడుతున్నరు, ఇనవడ్తలేదా? ఆ సప్పుడు బంద్ జెయ్యండ్రి!"

నేను సులభంగా కోపం తెచ్చుకునేవాణ్ణి కాను. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పుకునేవాడికి అంత స్తోమత ఉండదు. ఆ రోజు మాత్రం పెరుగుతున్న కోపాన్ని గడియారంతో కొలుస్తూ కూర్చున్నాను.

పన్నెండూ ఐదుకు ఆఫ్రికా మొదలైంది. క్వామే ముందుకొచ్చి ఇంగ్లీషులో, మా ఊళ్ళో ప్రేక్షకులంటూ ఎవరూ ఉండరు, అందరూ లేవండి, పిల్లలంతా పైకి రండి అన్నాడు. కార్యదర్శి దాన్ని తెలుగు చేశాడు: "దయచేసి అందరూ మీ మీ స్థానాల్లోనే కూర్చోవాలని కళాకారులు కోరుతున్నారు."

క్వామే ఒక వరస వాయించి మా వైపు చెయ్యి చాపాడు. బదులుగా మేం చప్పట్లతో ఆ వరస అందుకోవాలని. మేం బాగుందని చప్పట్లు కొట్టాం. ఆయన మళ్ళీ వాయించాడు. మేం ఇంకా బాగుందని మరింత గట్టిగా కొట్టాం. మూడోసారి ఆయన చేతులు దించేసి నవ్వాడు. పాపం, ఇంత మెచ్చుకునే జనాన్ని ఎక్కడా చూసి ఉండడు.

అప్పుడు చిన్న డోళ్ళు తెచ్చారు. కార్యదర్శి జేబులోంచి ఒక కాగితం తీసి పేర్లు చదివాడు. ఒక్కో పేరుకూ ముందు వరసలో ఒక పిల్లో పిల్లాడో లేచారు. వాళ్ళంతా కమిటీ వాళ్ళ పిల్లలని పక్కనున్నావిడ చెప్పింది. ఒకడు డోలు చూసి ఏడ్చాడు. అయినా వాళ్ళ నాన్న దాన్ని వదల్లేదు, ఆఫీసు బ్యాగులా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పేర్లు అయిపోయాక ఒక డోలు మిగిలింది. దాన్ని మొదటి వరసలో ఖాళీ కుర్చీ మీద పెట్టారు.

స్రవంతి నా వైపు చూసింది. ఇద్దరం లేచి ముందుకు వెళ్ళాం.

"అంకుల్, ఆ డోలు నేను తీస్కోవాల్నా?"

"అది చీఫ్ గెస్ట్ సార్ మనవడిది పాపా. బాబు వస్తున్నడు."

"వచ్చినంక ఇచ్చేస్తా."

"మీ పాపను జర కూసోమనుండ్రి సార్. అందరు ముందటికొస్తె ఎట్ల?"

"అందరూ రండనే కదండీ పేపర్లో వేశారు" అన్నాను.

"పేపర్ల అట్లనే ఏస్తరు సార్" అన్నాడాయన, ఓపిగ్గా.

క్వామే స్టేజీ మీది నుంచి అంతా చూశాడు. కుర్చీ మీది డోలునూ మా అమ్మాయినీ వేలితో కలిపి చూపించాడు. కార్యదర్శి నవ్వుతూ ఆయనకు చెయ్యి ఊపాడు, తర్వాత తర్వాత అన్నట్టు. మనవడు రాలేదు. ప్రదర్శన జరిగినంతసేపూ ఆ డోలు కుర్చీలో బుద్ధిగా కూర్చుని కార్యక్రమం చూసింది. పన్నెండూ నలభైకి వందన సమర్పణ. ఒంటిగంటకు హాలు ఇంకెవరికో ఇవ్వాలట. మూడు గంటల కార్యక్రమంలో డోలు వంతుకు ముప్ఫై ఐదు నిమిషాలు వచ్చాయి.

స్రవంతి ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత సులువుగా ఉండేది.

బయట నర్సింహ వాళ్ళు ముఖ్య అతిథిని కారు దాకా సాగనంపి మళ్ళీ గోడ దగ్గరికి వచ్చారు. "లోపటికి రానియ్యలే సార్. టికెట్ లేదన్నరు" అన్నాడు. స్రవంతి ముఖం చూశాడు. "పాపేంది గట్లున్నది? కొట్టినవా డోలు?"

తను తల అడ్డంగా ఊపింది.

"ఇగో, ఇది కొడ్తవా?" అని డప్పు ముందుకు చాపాడు.

ఇక్కడొక సంగతి రాయాలి. రాయకపోతే పైన రాసిన కోపానికి విలువ ఉండదు. ఆ క్షణంలో నా చెయ్యి వెళ్ళి మా అమ్మాయి భుజం మీద పడింది. పట్టుకోలేదు, లాగలేదు, పడిందంతే. నేను పంపలేదు. నాకంటే ముందు మా తాతలెవరో పంపినట్టున్నారు.

నర్సింహ చూశాడు. చూడనట్టే, "వద్దులే సార్, బరువుంటది, పాపకు మెడ నొస్తది" అన్నాడు. నా పరువు కాపాడటానికి ఆయనే ఒక సాకు వెతికిచ్చాడు. పొద్దుట్నుంచీ ఆ ఆవరణలో కనబడిన మర్యాద అదొక్కటే. అదీ నాకే దక్కింది, అర్హత లేకుండా.

చెయ్యి తీశాను. "మోస్తుంది, వెయ్యన్నా" అన్నాను.

ఆయన పట్టీ కురచ చేసి పాప మెడలో వేశాడు. కుడిచేతికి లావుపాటి పుల్ల, ఎడమ చేతికి సన్నపు పుల్ల ఇచ్చాడు. "ఇది గట్టిగ అడుగుతది, ఇది సన్నగ జవాబిస్తది. రెండు కొట్లాడొద్దు, మాట్లాడుకోవాలె" అన్నాడు. మొదటి దెబ్బకు స్రవంతి తనే ఉలిక్కిపడింది. పదో దెబ్బకు మిగతా ముగ్గురూ అందుకున్నారు.

డోళ్ళు వ్యానుకెక్కించడానికి బయటికొచ్చిన క్వామే, శాలువాతో మెడ తుడుచుకుంటూ ఆగిపోయాడు. డప్పు దగ్గరికి వచ్చి, వంగి, తోలు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. వేడి తగిలి పెద్దగా నవ్వాడు. మరుక్షణం మెట్ల మీద కూర్చుని తన డోలు కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. స్రవంతి మూడు కొడితే ఆయన మూడు, నర్సింహ ఐదు కొడితే ఆయన ఐదు. ఎవరూ తర్జుమా చేయలేదు కాబట్టి ఒకరికొకరు బాగానే అర్థమయ్యారు. అశోక్‌నగర్ హాస్టళ్ళ కుర్రాళ్ళు మెస్సుకు పోతూ ఆగారు, ఆగినవాళ్ళు ఆడారు. కార్యదర్శి వచ్చి "వ్యాన్ రెడీ సార్, టైమైతుంది" అన్నాడు. క్వామేకు ఆయన మాట కాదు కదా, తన మాటే వినబడేట్టు లేదు. పావుగంట. మా నలభై రూపాయల్లో ఇది లేదు.

రెండింటికి అశోక్‌నగర్‌లో ఒక మెస్సులో అన్నం, పప్పు, గోంగూర. స్రవంతి ముద్ద పట్టుకోవడానికి కాస్త ఇబ్బంది పడింది, అరచేయి ఎర్రగా కందింది. చూపించడానికి మాత్రం ఏ ఇబ్బందీ పడలేదు. ఆటోలో కాచిగూడ వచ్చి మూడూ నలభై బండి పట్టుకున్నాం.

బండి కిటకిటలాడుతోంది. ముగ్గురి సీటులో ఐదుగురం. స్రవంతి సగం నా ఒళ్ళో, సగం పక్కనున్న పెద్దావిడ మూటమీద. తిమ్మాపూర్ దాటాక తను చెక్క బల్ల మీద రెండు వేళ్ళతో మొదలుపెట్టింది. లావు వేలు అడుగుతోంది, సన్నవేలు జవాబిస్తోంది.

పెద్దావిడ ముచ్చటపడింది. "మంచిగ కొడ్తున్నవ్ బిడ్డా! ఏందది?"

"డప్పు. ఇయ్యాల నేర్సుకున్న."

ఆవిడ నవ్వు కొంచెం తగ్గింది. నా చొక్కా వైపు, చెప్పుల వైపు చూసి, గొంతు తగ్గించి స్రవంతినే అడిగింది. "మీరేమిటోళ్ళు బిడ్డా?"

హాల్లో ఈ కులం ప్రశ్న ఎవరూ అడగలేదు. అక్కడ చదువుకున్నవాళ్ళు, తలుపులు ఎక్కడ మూయాలో అడక్కుండానే తెలిసినవాళ్ళు.

స్రవంతి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "డప్పు కొట్టేటోళ్ళం" అంది.

ఆవిడ నా వైపు తిరిగింది, దిద్దుతానేమోనని. బోగీలో మరో ముగ్గురు కూడా తిరిగారు. దిద్దడానికి నా దగ్గర సరైన సమాధానం ఉంది, మూడు తరాల నుంచి ఉంది.

"అవునండీ" అన్నాను.

ఆవిడ మూట ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత కొంచెం జరిగింది. ఆవిడ పక్కాయన కూడా జరిగాడు. షాద్‌నగర్ వచ్చేసరికి మా అమ్మాయి కాళ్ళు బారజాపుకుని, బల్లంతా తనదే అయినట్టు రెండు చేతులతో వాయించుకుంటోంది.