చేరినాక అడగొచ్చు

పన్నెండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. చిన్న మాటే. "చేరినాక అడగొచ్చు." ఇంత చిన్న మాటకి ఏం బరువుంటుందని మీకనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీ పేరు నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను ఏడ్చే రకం కాదు. నెల్లూరులో పిల్లల్ని బయటి దేశాల చదువులకు తయారుచేస్తాను. ఎవరు ఏ కాలేజీకి వేయాలో, ఎప్పుడు వేయాలో చూడగానే చెప్పేస్తాను. ఆ పని నాకు బాగా వచ్చు, ఈ విషయంలో వినయం నటించలేను. తల్లిదండ్రులు కుర్చీలో సర్దుకోకముందే నా మొదటి ప్రశ్న వస్తుంది: "ఫీజుకి సాయం కావాలా? కావాలంటే ఇప్పుడే అడగాలి. తర్వాత అడిగితే ఇవ్వరు." కొందరు నొచ్చుకుంటారు. మొహమాటం లేని మనిషని నాకు పేరు. ఆ ప్రశ్న నాకు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఎవరూ అడగలేదు.

మెర్సీ అని నా స్నేహితురాలు. తనదీ నాదీ కావలిలో ఒకే జూనియర్ కాలేజీ, ఒకే హాస్టల్ గది. మాది వెంకటాచలం వైపు, నాన్నకు కొంచెం మాగాణి ఉంది. వాళ్లది సముద్రానికి దగ్గరగా ఉండే పల్లె. వాళ్ల నాన్న రొయ్యల గుంటలు కౌలుకు చేసేవాడు. ఒక పంటకు ఇంట్లో పండగ. ఇంకో పంటకు తెగులొచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మార్కుల్లో నేను ముందు. బుర్రలో మెర్సీ ముందు. ఈ రెండో సంగతి అప్పట్లో చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు.

ఇద్దరికీ అమెరికాలో ఒకే కాలేజీ మీద మనసు పడింది. అక్కడ ఎర్లీ అని ఒక పద్ధతి ఉంది. అందరికంటే ముందుగా ఒకే ఒక్క కాలేజీకి దరఖాస్తు పెట్టాలి, వాళ్లు తీసుకుంటే అక్కడికే వస్తానని మాటివ్వాలి. అలా మాటిచ్చిన పిల్లల్ని కాలేజీ కాస్త ఇష్టంగా చూస్తుంది. కానీ బయటి దేశం పిల్లలు సాయం కూడా అడిగితే ఆ ఇష్టం తగ్గుతుంది, ఎందుకంటే అలాంటివాళ్ల కోసం పక్కన పెట్టే డబ్బు తక్కువ. మా ఇద్దరికీ ఆ డబ్బు లేకపోతే గడవదు. ఒకే ఊళ్లో, ఒకే కాలేజీలో చదివే ఇద్దరమ్మాయిలకి ఇస్తారా? ఇవ్వరని నేనే తీర్మానించేసుకున్నాను. ఎవరిని అడిగి తీర్మానించాను? ఎవరినీ అడగలేదు.

ఒక శనివారం ఆ కాలేజీవాళ్లు కంప్యూటర్‌లో మాట్లాడతామన్నారు. ఆరోజు మెర్సీ వాళ్ల గుంటల్లో రొయ్యలు పడుతున్నారని ఇంటికి వెళ్లింది. స్టేషన్ దగ్గర నెట్ సెంటర్లో నేనొక్కదాన్నే కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని అడిగాను: ఇప్పుడు సాయం అడక్కుండా చేరి, తర్వాత అడగొచ్చా? అవతల మాట్లాడుతున్నావిడ ఓపిగ్గా రెండుసార్లు చెప్పింది. బయటి దేశం పిల్లలు దరఖాస్తుతో పాటే అడగాలి. అప్పుడు అడక్కపోతే చదువు అయ్యేదాకా మళ్లీ అడగడానికి లేదు. నా ఇంగ్లీషు అప్పటికే బాగుండేది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి లేదు.

సోమవారం మెర్సీ తిరిగొచ్చింది. హాస్టల్ మిద్దె మీద ఇద్దరం బట్టలు ఆరేస్తున్నాం.

"ఏం మే, వాళ్లేం చెప్పినారు? సాయం అడగాల్నా, వద్దా?"

"అడిగితే సీటు రావడం కష్టమంట."

"మరెట్టా? అంత ఫీజు మా నాయన యాడ కడతాడు?"

"ముందు సీటు రానీయవే. చేరినాక అడగొచ్చు."

"నిజంగానా?"

"ఈడ మీ నాయన చేసిందేంది? చేరినాకే గదా అయ్యగార్ని తోడు తెచ్చుకోని ఫీజు తగ్గించుకున్నాడు."

"అవును గదా!" అని నవ్వింది. తడి దుపట్టా చివర నా చేతికిచ్చి, రెండో చివర తను పట్టుకుని పిండింది.

ఆ అబద్ధం ఎంత బాగా అతికిందో చూశారా? మన దగ్గర అంతా అదే పద్ధతి. పిల్లని చేర్చేస్తారు, తర్వాత తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని కరస్పాండెంటు గదికి వెళ్తారు. ఆయన కాసేపు బెట్టు చేస్తాడు, కాఫీ తెప్పిస్తాడు, చివరికి కొంత తగ్గిస్తాడు. మెర్సీ నాన్నకు తోడుగా వాళ్ల చర్చి పాస్టరు వచ్చాడు, వాళ్లంతా అయ్యగారనేది ఆయన్నే. మెర్సీకి తెలిసిన లోకం అది. ఆ లోకంలోనించే ఒక ముక్క తీసి తన చేతిలో పెట్టాను. నోరు జారిందని చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. జారలేదు. ఆదివారమంతా మనసులో అనుకుని చూసుకున్న మాట అది.

డిసెంబరులో ఇద్దరికీ సీటొచ్చింది. నాకు సాయంతో. తనకు సాయం లేకుండా. వార్డెన్ అందరికీ మిఠాయి పంచింది.

ఆ వారమే మెర్సీ నాన్న, అయ్యగారు హాస్టల్‌కి వచ్చారు. ఇద్దరూ ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో ఉన్నారు. నా కోసం సీసాడు రొయ్యల పచ్చడి తెచ్చారు. "ఆడ పెద్దాయన ఎవరు పాపా? ఎవర్ని అడగాల?" అన్నాడు మెర్సీ నాన్న. వెళ్లి కూర్చోవడానికి అక్కడ ఏ గదీ లేదు కాబట్టి మెయిల్ రాయాలన్నాను. రాసింది కూడా నేనే, నా ఇంగ్లీషు బాగుంటుందని. చాలా బాగా రాశాను. ఆ గుంటల గురించి, తెగులు గురించి, ఆ పిల్ల తెలివి గురించి, చదివితే ఎవరికైనా మనసు కరిగేలా. జవాబు ఏం వస్తుందో తెలిసే రాశాను.

అసలు పాపం ఇదేనేమో అని ఇప్పుడనిపిస్తుంది. మిద్దె మీది అబద్ధం కాదు, ఈ మౌనం. ఫీజు కట్టలేమని చెబితే ఇచ్చిన మాటనుంచి కాలేజీ వదిలేస్తుంది, అప్పటికి ఇంకా వేరే కాలేజీలకు, సాయం అడుగుతూ, దరఖాస్తు పెట్టే గడువుంది. కొత్త సంవత్సరం దాకా ఉంది. "ఈ జవాబు కోసం ఆగొద్దు, రేపే ఇంకోచోట వెయ్" అని ఒక్క మాట అంటే చాలు. అంటే నీకెలా తెలుసని అడుగుతుంది. అందుకని అనలేదు. క్రిస్మస్‌కి ఆ కాలేజీ మూసేశారు. మెర్సీ వాళ్లింటి ముందు నక్షత్రం కట్టారు, ఇంటిల్లిపాదీ ఈ సంగతి ప్రార్థనలో పెట్టారు. జవాబు జనవరిలో వచ్చింది, నెట్ సెంటర్లో నేను విన్న జవాబే. అప్పటికి మిగతా తలుపులూ మూసుకున్నాయి. ఆ పచ్చడి హాస్టల్లో అందరం కలిసి తిన్నాం. బాగుంది.

నేను వెళ్లాను, బాగా చదివాను, తిరిగొచ్చాను. మెర్సీ నెల్లూరులో డిగ్రీ చదివి, ఇప్పుడు చిల్లకూరు వైపు గుంటల నీళ్లు పరీక్ష చేసే ల్యాబు నడుపుతోంది. నలుగురికి జీతాలిస్తోంది. జాలిపడాల్సిన మనిషి కాదు. చాలా ఏళ్లు నేను దీన్నే పట్టుకుని వేలాడాను: బాగానే ఉంది కదా, ఇంకేం? తను బాగుండటం తన కష్టం. అందులో నా వాటా ఏముంది? తను ఎలా బాగుండాలనుకుందో అది మాత్రం నేను తీసేసుకున్నాను.

ఇంకొకటి చెప్పాలి, ఇదే నాకు కష్టం. మెర్సీ సాయం అడిగి ఉన్నా అది నాకే వచ్చేదని ఈరోజుకీ నా నమ్మకం. అంత నమ్మకమున్నదాన్ని అబద్ధం ఎందుకు చెప్పాను? గెలుస్తానని తెలిసినవాళ్లు పక్కనున్నవాళ్లకి కాలు అడ్డం పెడతారా? పెట్టరు. అంటే నాకు నమ్మకం లేదన్నమాట. భయం ఉంది. ఈ ధైర్యం, ఈ మొహమాటం లేనితనం, అందరూ మెచ్చుకునేదంతా ఆ భయం మీద కట్టుకున్నదే.

పోయిన నెల మెర్సీ తన పెద్దన్న కూతుర్ని నా దగ్గరికి తీసుకొచ్చింది. ఆ పిల్లకి పదిహేడేళ్లు, ఎర్లీ ఎక్కడ వేయాలో తేల్చుకోవాలి. నా మొదటి ప్రశ్న అడిగాను. మెర్సీ నవ్వింది.

"చూసినావా, ముందే చెప్పేస్తాది. ఆ పొద్దు మనకి తెలీలా గదా మే."

మనకి అంది. నేను తలూపాను.

ఆ పిల్లకి మంచి కాలేజీ చూశాను, సాయం అడిగించాను, నా చేతనైనంత చేశాను. సీటొస్తే మెర్సీ మిఠాయి తెస్తుంది. దాంతో లెక్క సరిపోతుందని నేననుకోవడం లేదు, మీరూ అనుకోవద్దు. మెర్సీకి ఎప్పుడు చెబుతావంటారా? తెలియదు. మీ క్షమాపణ కూడా అడగడం లేదు, అది ఇవ్వాల్సింది మీరు కాదు. కానీ ఇంతదూరం చెప్పాక గుండె కొంచెం తేలికగా ఉంది, ఆ మాట దాచను. మెర్సీ అన్న ఆ 'మనకి'కి ఇక తలూపకుండా ఒక్క ముక్క చెప్పి ఆపుతాను.

ఆరోజు తనకి తెలియదు. నాకు తెలుసు.