వీపు మీది పట్టీలు

బస్సు డిపోలో చిరిగిన సీట్లు కుట్టే ఆయనను మా వీధిలో అందరం సీట్ల బాబాయి అంటాం. సెలవురోజున ఆయన నిలువెల్లా ఇనుప కవచం తొడుక్కుని కత్తిపోటీకి దిగుతారంటే కొత్తవాళ్లు నవ్వుతారు. కత్తికి పదునుండదు గాని దెబ్బ మాత్రం నిజమే. కింద పడ్డవాడు ఓడినట్టు.

కవచం పట్టీలు వీపు మీద ఉంటాయి; ఎవరికి వాళ్లు బిగించుకోలేరు. పదకొండేళ్లు పిన్నే బిగించింది. ఆమె పోయాక రెండేళ్లు ఆ ఇనుము మంచం కిందే ఉండిపోయింది. ఇంట్లో పలకరించే మనిషి లేక, తన గొంతే తనకు కొత్తగా వినిపించేదట. మళ్లీ పోటీకి వెళ్లాలనిపించింది. పట్టీల కోసం ఒకరిని అడగడం ఇష్టం లేక, బకిల్స్ ఛాతీ మీదికి వచ్చేలా తానే మార్చి కుట్టుకున్నారు.

మైదానంలో తనిఖీ చేసే పెద్దాయన తల అడ్డంగా ఊపారు.

"ఇదేం కుట్టయ్యా? దెబ్బ పడేదే ఇక్కడ. ఒక్క వేటుకు ఊడొస్తుంది. వెనక్కి మార్చుకో, లేదంటే కూర్చో."

బాబాయి దబ్బనం తీసి అరగంటలో కుట్టు మార్చేశారు. ఆ తర్వాత పట్టీలు వేలాడుతుంటే, పేరు పిలుస్తున్నా, బిగించమని ఎవరినీ అడగకుండా నిలబడిపోయారు. ప్రత్యర్థి భార్య అది గమనించింది.

"అటు తిరుగన్నయ్యా. సొంత వీపు గోక్కోలేని వాళ్లం, మనకెందుకింత బింకం?"

"మీ ఆయనతోనే నా పోటీ తల్లీ."

"తెలుసు. వదులుగా కడితే ఆయన గెలుస్తాడు. అయినా గట్టిగానే కడతాలే."

అది పిన్ని చెయ్యి కాదని బాబాయి వీపుకు తెలిసిపోయిందట.

మూడో దెబ్బకే మట్టికరిచారు. పడగొట్టినవాడే చెయ్యిచ్చి లేపాడు. అతని వేలు నలగడంతో భార్య కట్టు కట్టించడానికి తీసుకెళ్లిపోయింది.

కట్టించుకున్నది విప్పించుకోవాలి కదా. బాబాయి బల్ల మీద కూర్చున్నారు, ఎవరైనా తమంతట తామే వస్తారేమోనని. ఎవరూ రాలేదు. జనం పలచబడ్డారు. కంచె గుంజలు పీకడం మొదలైంది. చివరికి దేవుణ్ణి తలుచుకుని లేచి పెద్దాయన దగ్గరికి వెళ్లారు.

"అయ్యా, కాస్త వెనక విప్పుతారా? ఇంట్లో నాకెవరూ లేరు."

ఆ రెండో మాట పిన్ని పోయాక ఆయన ఎవరితోనూ అనలేదు. పెద్దాయన చేతిలోని గుంజ కింద పెట్టి, కళ్లజోడు సరిచేసుకున్నారు.

"ముందు ఏది విప్పమంటావు?"