బరువు చాలని హెవీవెయిట్

బ్రిటిష్ హెవీవెయిట్ బాక్సింగ్‌ని అభిమానించడమంత దండగమారి పని ఇంకోటి లేదు. ఊరికే అనడం లేదు, సగం జీవితం దానికి తగలేసి అంటున్నాను. ఆస్ట్రేలియా రాకముందు ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో కొన్నాళ్ళు డాక్టరుగా పనిచేశాను. అక్కడ మా విశ్రాంతి గదిలో ఒక టీవీ ఉండేది. శనివారం రాత్రి డ్యూటీ లేనివాళ్ళందరం దాని ముందు చేరేవాళ్ళం. బయట వాన, లోపల చలి, తెలుగులో మాట్లాడటానికి మనిషి లేడు. అలాంటప్పుడు తెరమీద ఆరున్నర అడుగుల మనుషులు ఒకళ్ళనొకళ్ళు బాదుకుంటుంటే నాకెందుకో ఇంటి మీద బెంగ తగ్గేది. మెల్బోర్న్ వచ్చి, టార్నీట్‌లో ఇల్లు కట్టుకుని, క్లినిక్ పెట్టుకుని స్థిరపడ్డాక కూడా ఆ జబ్బు వదల్లేదు. వాళ్ళ శనివారం రాత్రి మాకు ఆదివారం పొద్దున. తోటి తెలుగువాళ్ళు పిల్లల్ని తెలుగు బడికి దింపే వేళకి నేను ఉప్మా ప్లేటు ఒళ్ళో పెట్టుకుని టీవీని తిడుతూ ఉంటాను.

తిట్టక ఏం చెయ్యమంటారు? ఇద్దరు మహాకాయులున్నారు. వాళ్ళిద్దరూ తలపడతారని ఏళ్ళ తరబడి ఊరించారు. వచ్చే వేసవి అన్నారు. కాదు, చలికాలం అన్నారు. లండన్‌లో అన్నారు, ఎడారిలో అన్నారు. ఒకడు ఇంక సెలవని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, మనం ఆ దిగులు నుంచి తేరుకునేలోపే మళ్ళీ గ్లవ్స్ తొడుక్కుని వస్తాడు. ఇంకొకడు ఓడిన ప్రతిసారీ ఇప్పుడు నేను కొత్త మనిషినంటాడు. తాంబూలాలు పుచ్చుకుని ముహూర్తం పెట్టుకోని పెళ్ళిలా తయారైంది ఆ పోటీ. ఇద్దరి మోకాళ్ళూ అరిగిపోయాయి, జుట్టు పల్చబడింది, ఇప్పుడు మళ్ళీ అదే మాట. రేపు నిజంగా జరిగినా అది ఇద్దరు బాబాయిల కొట్లాటే.

కింద నుంచి కుర్రాళ్ళు వస్తున్నారుగా అంటారు. వస్తున్నారు. ఒకడైతే మొన్నమొన్నటిదాకా స్కూలు బ్యాగు మోసినట్టుంటాడు, గుమ్మంలో పట్టడు, ఎదురొచ్చినవాణ్ణి రెండో రౌండు దాటనివ్వడు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఎదురొచ్చేది ఎవరు? పడిపోవడానికే విమానం ఎక్కి వచ్చిన పొట్టల రాయుళ్ళు. అసలు పరీక్ష వచ్చే పోటీలో ఉంటుందంటాడు వ్యాఖ్యాత. ఆ పరీక్ష ఎప్పుడూ వచ్చే పోటీలోనే ఉంటుంది. ఇంకో కుర్రాడున్నాడు, నిజంగా పనిమంతుడు, ఓడిపోతే తమ పేరు పోతుందని వాడితో ఎవ్వరూ ఆడరు. వాడు జిమ్‌లో సంచిని కొట్టుకుంటూ పడున్నాడు. ఒకరి ప్రాక్టీసు వీడియోకి ఇంకొకరు ఫోన్‌లో బదులివ్వడమే ఇప్పుడక్కడ పెద్ద యుద్ధం.

ఈ గోల నాతో కూర్చుని విన్నది మా అమ్మాయి ఒక్కతే. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. మా నాన్నగారి పోలిక, మంచి పొడుగు, వెడల్పైన భుజాలు, దృఢమైన ఒళ్ళు. ఆ ఒళ్ళే మా ఇంట్లో పెద్ద రగడ. మా ఆవిడ దాని ప్లేటులోంచి మూడో ఇడ్లీ తీసేసేది. పుట్టినరోజు కేకు అందరికీ ముక్కలైతే దీనికి పల్చటి రేకు. పార్టీల్లో ఆంటీలు దీన్ని చూసి, "కాస్త ఒళ్ళు తగ్గిస్తే ఎంత బాగుంటుందో" అని దాని ఎదుటే అనేవాళ్ళు. అర్థం కాదనుకునేవాళ్ళు కాబోలు. అన్నీ అర్థమయ్యేవి.

చిన్నప్పుడు ఒక ఆదివారం అడిగింది, "నాన్నా, వాట్స్ ద లిమిట్ ఫర్ హెవీవెయిట్?" అని. ఇంత బరువు దాటాలని కింద ఒక హద్దు ఉంటుంది, పైన హద్దేమీ లేదని చెప్పాను.

"సో నోబడీ టెల్స్ దెమ్ టు లూజ్ వెయిట్?"

"ఎవరు చెబుతారే? చెప్పినవాడి పళ్ళు రాలతాయి."

అది నవ్వలేదు. టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. యూనివర్సిటీలో చేరిన ఏడాదే జిమ్‌లో కూడా చేరి బాక్సింగ్ మొదలుపెట్టింది. తర్వాత ఒకసారి నాతో అంది, తన ఒంటిని చూసి గుడ్ అన్న మొదటి మనిషి ఆ జిమ్ కోచేనట.

సరే, ఇక్కడైనా సాఫీగా సాగుతుందేమో అనుకుంటే ఇక్కడా అదే తంతు. దాని బరువులో ఆడపిల్లలే దొరకరు. ఒక పోటీకి ప్రత్యర్థి రాలేదు. ఇంకోదానికి వచ్చే పిల్లకి చెయ్యి బెణికింది. మరోసారి పోటీ బట్టలన్నీ వేసుకుని, చేతులకి పట్టీలు చుట్టుకుని కూర్చున్నాక పోటీ లేదన్నారు. ఇల్లు చేరేదాకా కారులో అది ఆ పట్టీలు విప్పుతూనే ఉంది. లండన్‌లో వాళ్ళు ఆడకపోతే నాకు కోపం వస్తుంది. ఇది ఆడలేకపోతే నాకు కడుపు రగిలిపోయేది.

చివరికి రాష్ట్ర స్థాయి పోటీలు వచ్చాయి. హెవీవెయిట్‌లో ఇద్దరే ఆడపిల్లలు, మా అమ్మాయి, జీలాంగ్ నుంచి ఒక పిల్ల. ఇద్దరూ వస్తే చాలు, పోటీ ఉంటుంది. ఈసారీ తప్పితే బాక్సింగే మానేస్తానని మా అమ్మాయి కోచ్‌తో చెప్పిందట. నాకు చెప్పలేదు, ఆయన చెప్పాడు.

పోటీ కార్తీక మాసంలో పడింది. మా ఆవిడ ఈ బాక్సింగ్‌ని ఏనాడూ ఒప్పుకోలేదు, ముక్కు వంకరపోతే పిల్లని ఎవరు చేసుకుంటారని తన భయం. కానీ ఆ ఏడాది కూతుర్ని మెల్లగా అడిగింది. "నాతో కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండవే. నీ పోటీ కోసమే దేవుణ్ణి అడుగుదాం." తల్లి తన పోటీ గురించి ఒక మంచిమాట అనడం అదే మొదలు, అమ్మాయి కరిగిపోయి సరేనంది. మన దగ్గర కార్తీకంలో ఆరు గంటలకి చీకటి పడుతుంది, చుక్కల్ని చూసి భోంచేస్తారు. మెల్బోర్న్‌లో కార్తీకమంటే ఎండాకాలం ముందు రోజులు, గడియారాలు కూడా ముందుకు జరిపి ఉంటాయి. ఎనిమిది దాటినా సూర్యుడు దిగడు. చుక్క కనపడేసరికి తొమ్మిది. అప్పుడు కూడా రాత్రిపూట అన్నం అరగదని పళ్ళు, పాలు. ప్రతి సోమవారం ఉపవాసం, మధ్యలో ఏకాదశి, పోటీకి ముందురోజు పౌర్ణమి. బాక్సర్లు తూకానికి ముందు కడుపు మాడ్చుకుంటారని టీవీలో విని ఉంది మా ఆవిడ. పుణ్యానికి పుణ్యం, బరువుకి బరువు అనుకుని మురిసిపోయింది.

శనివారం పొద్దున ముగ్గురం హాలుకి వెళ్ళాం. మా ఆవిడ లోపలికి రానంది. పోటీ అయ్యాక అటునుంచి అటే వెరిబీలో నది ఒడ్డున తెలుగువాళ్ళ వనభోజనాలకి వెళ్ళాలి, డిక్కీలో పెద్ద గిన్నెడు దద్దోజనం ఉంది. కారులోనే కూర్చుని ఫోన్‌లో సహస్రనామాలు పెట్టుకుంది. లోపల కోచ్, నేను గోడకి ఆనుకుని మాట్లాడుకుంటున్నాం. ఆయనది మాంచెస్టర్ పక్కన ఏదో ఊరు, కాబట్టి మా ఇద్దరికీ తిట్టుకోడానికి బ్రిటిష్ హెవీవెయిట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. ఆ కొత్త కుర్రాణ్ణి ఇంకెన్నాళ్ళు దాస్తారని ఆయన విసుక్కుంటుండగా మా అమ్మాయి తూకం మీంచి దిగి వచ్చింది. ముఖంలో రక్తం లేదు.

"ఐ యామ్ అండర్," అంది.

కోచ్‌కి ముందు అర్థం కాలేదు. ఆయన జీవితంలో తూకానికి ఎక్కువైనవాళ్ళనే చూశాడు. హెవీవెయిట్‌లో ఎవరైనా తక్కువ తూగుతారా? ఈ పిల్ల మొన్నటిదాకా హద్దుకి పైనే ఉంది, ఇప్పుడు అరకిలో తక్కువ. బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ జాలిగానే చెప్పింది. తూకం మూసేలోపు మళ్ళీ రావచ్చు, లేకపోతే జీలాంగ్ పిల్ల ఆడకుండానే గెలిచినట్టు రాసుకుంటారు. కింది బరువు తరగతిలో పేరు లేదు కాబట్టి అక్కడా చోటు లేదు. కోచ్ నీళ్ళ సీసా ఇచ్చాడు. అది గబగబా తాగబోయి కడుపు పట్టుకుంది. ముందురోజంతా ఖాళీగా ఉన్న కడుపు, నీళ్ళు పోస్తే తిరగబడుతోంది.

నేను కారు దగ్గరికి పరిగెత్తాను.

"తూకం అయిందా? తగ్గిందా?" అంది మా ఆవిడ ఆశగా.

"తగ్గింది. తగ్గిపోయింది. అందుకే ఆడనివ్వరట."

"అదేంటండీ, ఎక్కువుంటే కదా ఆడనివ్వనిది?"

"హెవీవెయిట్ అంటే బరువుండాలే తల్లీ. నీ పుణ్యమంతా దాని ఒంట్లోంచే వచ్చింది."

అలా అని ఉండాల్సింది కాదేమో, కానీ నాకు ఒళ్ళు మండిపోతోంది. మా ఆవిడ ఫోన్‌లో సహస్రనామాలు ఆపేసింది. కారు దిగి డిక్కీ తెరిచింది. మా ఇంట్లో నైవేద్యం పెట్టకుండా గిన్నె మూత తియ్యడానికి నాకు ఇప్పటికీ ధైర్యం లేదు. ఉప్పు చూడ్డానికి కూడా నాలిక మీద వేసుకోనివ్వదు. అలాంటిది మూత తీసి పక్కన పెట్టి, "దేవుడికి తర్వాత పెట్టుకుందాం, దాన్ని పిలవండి," అంది.

కార్ పార్కులో, తూకానికి వచ్చిన పిల్లలందరూ చూస్తుండగా, సీసా నీళ్ళతో చెయ్యి కడుక్కుని ముద్దలు కలిపి పెట్టడం మొదలుపెట్టింది. అమ్మాయి కారు అంచున కూర్చుని తింటోంది. పెరుగన్నం కాబట్టి చల్లగా దిగుతోంది. నేను పక్కన నిలబడి గడియారం చూస్తూ, తొందరపెడుతూ, ఇద్దరి చేతా చీవాట్లు తింటున్నాను.

"ఎనఫ్, అమ్మా."

"ఎనఫ్ లేదు. నోరు తెరు."

అది తల్లి చేతికేసి చూసింది. ఎప్పుడూ లేనిది తెలుగులో అంది, "నువ్వు నాకు ఎప్పుడూ చాలు అనే చెప్తావు. తిను అనడం ఇదే ఫస్ట్ టైమ్."

మా ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, తర్వాతి ముద్ద ఇంకాస్త పెద్దది చేసింది.

తూకం సరిపోయింది. బల్ల దగ్గర పెద్దావిడ నవ్వుతూ ముద్ర వేసింది. మధ్యాహ్నం పోటీ జరిగింది. జరగడమంటే నిజంగా గంట కొట్టారు, రెండో పిల్ల నిజంగా ఎదురుగా నిలబడింది. నాకు అక్కడే సగం ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చేతివేళ్ళ సందుల్లోంచి చూసింది. మూడు రౌండ్లూ పోట్లాడి, న్యాయనిర్ణేతల్లో ఎక్కువమంది అటు మొగ్గడంతో మా అమ్మాయి ఓడిపోయింది. దిగాక అది జీలాంగ్ పిల్లని కావలించుకుని మళ్ళీ ఎప్పుడు ఆడదామని అడిగింది. లండన్‌లో ఉన్న ఆ పెద్దమనుషులకి ఈ ఒక్క ప్రశ్న అడగడం ఎవరైనా నేర్పితే బాగుండును.

వెరిబీకి వెళ్ళేసరికి వనభోజనాలు అయిపోయి టీలు నడుస్తున్నాయి. మా ఆవిడ మిగిలిన దద్దోజనం దేవుడికి చూపించి, నాకూ అమ్మాయికీ విస్తరాకు ప్లేట్లలో వడ్డించింది. ఈలోగా ఎరిగున్న ఆంటీ ఒకావిడ వచ్చింది. అమ్మాయి కంటి కింద వాపు చూసి అయ్యో అంది, ముక్కు బాగానే ఉందా అంది, ఆ తర్వాత దాన్ని పైనుంచి కిందికి చూసి సంతోషపడింది.

"ఏమైనా ఈమధ్య బాగా తగ్గావమ్మా. ఇప్పుడు చక్కగా ఉన్నావు. ఇంకొంచెం తగ్గావంటే..."

"తగ్గడం వల్లే పొద్దున కొంప మునగబోయిందండీ," అంది మా ఆవిడ. గొంతు పెంచలేదు. "ఇంక ఆ మాట దాని ముందు ఎవరూ అనొద్దు. నేను కూడా అనను."

మా అమ్మాయి ప్లేటు ఒళ్ళో పెట్టుకుని ముఖం నదివైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఓడిపోయినందుకు ఏడుస్తోందనుకుని ఆంటీ ఓదార్చబోయింది. అందుకు కాదని నాకు తెలుసు, మా ఆవిడకీ తెలుసు. తను దాని ప్లేటులో ఇంకో గరిటె వేసింది.