ఇద్దరు కోటమ్మలు

మెహరున్నీసా నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లు నర్సుగా చేసింది. తోడెవరూ లేని పేషెంట్లకు అన్నం కలిపి పెట్టేది కూడా ఆమే.

ఆ రోజు వార్డులో ఇద్దరు కోటమ్మలు ఉన్నారు. ఇంజెక్షన్ ఏడో మంచం కోటమ్మకు రాశారు. మెహరున్నీసా హడావిడిలో మూడో మంచం దగ్గర ఆగి "కోటమ్మా!" అని పిలిచింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసే ఆ మనిషి "ఆ, నేనేనమ్మా" అంటూ చెయ్యి చాపింది. ఆ మందు ఆమె ఒంటికి పడదు. పావుగంటలో ఊపిరి ఆగిపోయింది. డాక్టర్లు ఎంత ప్రయత్నించినా దక్కలేదు.

"గుండెపోటని రాసేద్దాం. నువ్వు నోరెత్తొద్దు" అన్నాడు మేనేజరు.

మెహరున్నీసా వినలేదు. జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టింది. తర్వాత వరండాలో కూర్చున్న కోటమ్మ కూతురు అమూల్య దగ్గరికి వెళ్లింది.

"తప్పు నాదేనమ్మా. ఇంకొకరి మందు మీ అమ్మకిచ్చాను. కేసు షీటు చూడలేదు, ఇంటిపేరు అడగలేదు."

అమూల్య తిట్టలేదు. "పొద్దున మా అమ్మ నీ గురించే చెప్పింది అక్కా. ఆ నర్సమ్మ చానా మంచిదే, నాకేం భయం లేదు అంది" అని గోడకు తల ఆనించి ఏడ్చింది.

మెహరున్నీసా ఉద్యోగం పోయింది. ఆమె రాసిన కాగితం వల్ల ఆ ఆసుపత్రిలో ఇప్పుడు ప్రతి పేషెంటు చేతికీ పేరు, ఊరు రాసిన పట్టీ కడుతున్నారు. తోటి నర్సు ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మెహరున్నీసా "మంచిదేలే" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె సిరంజి ముట్టలేదు. కన్నకూతురు సమ్రీన్‌కు జ్వరమొచ్చినా వేరే నర్సునే పిలిపిస్తుంది.